మంగళవారం పలకని పిట్ట

లాడ్జికి వచ్చే జనాన్ని లెక్కల మాస్టారు మూడు రకాలుగా విడగొట్టి పెట్టుకున్నారు. జీపు దిగీ దిగగానే చిరుత ఎక్కడుందని అడిగేవాళ్ళు మొదటి రకం. జలగ కరిస్తే ప్రాణానికేమైనా ముప్పా అని అడిగేవాళ్ళు రెండో రకం. ఏమీ అడక్కుండా ఫోను నెత్తి మీదికెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం గదుల చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్ళు మూడో రకం. నాలుగో రకం మనిషి ఇంతవరకూ ఆ జీపు దిగలేదని ఆయన గట్టి నమ్మకం. ఎనిమిదేళ్ళుగా ఆ నమ్మకానికి ఏ దెబ్బా తగల్లేదు. తగిలే వీలు లేదు. ఎనిమిదేళ్ళలో ఆయన వాళ్ళలో ఒక్కరితో కూడా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడలేదు.

లాడ్జి అన్నది కాస్త పెద్ద మాటే. దట్టమైన వానల అడవిలో, కొండ వాలు మీద, కర్ర స్తంభాలెత్తి కట్టిన పది గదులు, ఒక భోజనాల హాలు, వెనక వంటిల్లు, దాన్నానుకుని సామాన్ల కొట్టు. చివర్న 'పరిశోధన గది' అని బోర్డు తగిలించిన పదకొండో గది. ఏడాదిలో తొమ్మిది నెలలు వాన. తలుపులు చెమ్మకి ఉబ్బిపోయి మూసుకోవు, మూసుకుంటే తెరుచుకోవు. ఉప్పు డబ్బాలో ఉప్పు ఎప్పుడు చూసినా ముద్ద. ఉతికిన బట్టలు ఆరవు. ఆరాయని మనసుకి సర్దిచెప్పుకుని తొడుక్కోవాలి. ఈ చెమ్మ కోసం, ఈ బూజు వాసన కోసం, పనిగట్టుకుని సెలవు పెట్టి వచ్చే జనాన్ని చూస్తే మాస్టారికి జాలి కూడా కలిగేది కాదు. జాలికి కొంత గౌరవం కావాలి కదా.

'లెక్కల మాస్టారు' అన్న పేరు పెట్టింది వంటవాడు. నిజానికి ఆయన చెప్పింది జంతుశాస్త్రం, అదీ కాలేజీలో. అక్కడ పై అధికారితో మాటా మాటా పెరిగి ఒక మధ్యాహ్నం రాజీనామా కాగితం బల్ల మీద పడేసి వచ్చేశారు. ఆ కాగితంలోనే పై అధికారి అచ్చువేసిన వ్యాసంలో పదిహేడు తప్పులు వరసగా ఎత్తి చూపారని చెప్పుకుంటారు. పంతొమ్మిది అని మాస్టారు దిద్దుతారు. అక్కా బావా ఈ లాడ్జి నడుపుతుంటే, తమ్ముడు కదా అని అక్క ఒక గది ఇచ్చింది. పొద్దున్నే లేచి పిట్టల్ని లెక్కపెట్టే మనిషిని వంటవాడు ఇంకేమని పిలుస్తాడు? ఆ పేరు విని కొత్తగా దిగిన తల్లులు పిల్లల్ని భిన్నాల లెక్కలిచ్చి ఆయన దగ్గరికి తోలేవారు. ఆయన తలుపు వేసుకునేవారు. ఉబ్బిన తలుపు కాబట్టి భుజంతో రెండుసార్లు గుద్ది మరీ వేసుకునేవారు.

ఆయన లెక్కపెట్టేది ఒక్కటే పిట్టని. పొదపిట్ట. పిడికెడంత ఉంటుంది, తడిసిన ఎండుటాకు రంగు, నేల మీదే తిరుగుతుంది. కంటికి దొరకదు. ఎనిమిదేళ్ళలో ఆయన దాన్ని చూసింది నాలుగుసార్లు. అది వినిపించే పిట్ట. తెల్లవారే వేళ రెండు స్వరాలు సమంగా, మూడోది రవ్వంత పైకి. మాస్టారు ఐదున్నరకల్లా గుట్ట మీద మంచె ఎక్కి కూర్చుంటారు. పుస్తకంలో ఒక గుండ్రం గీసుకుని, ఏ దిక్కున ఎంత దూరంలో కూత వినిపిస్తే అక్కడ ఒక చుక్క పెడతారు, పక్కన టైము వేస్తారు. ఒక చుక్కంటే ఒక పిట్ట. ఏడింటికి పుస్తకం మూస్తారు. జ్వరం వచ్చినా అంతే, గాలివాన వచ్చినా అంతే. వాన చప్పుడులోంచి ఆ మూడు స్వరాలనీ ఏరుకోగల చెవి దేశం మొత్తం మీద తనకొక్కడికే ఉందని ఆయన అనుకునేవారు. ఆ మాట పైకి అనేవారు కారు. అనడానికి వినే అర్హత ఉన్నవాడు ఎదురుగా ఉండాలి.

నాలుగో ఏడు చుక్కలన్నీ పేర్చి చూసుకుంటుంటే ఆయనకొక వింత తగిలింది. బుధవారం పది, గురువారం పదకొండు, అలా సోమవారం దాకా బాగానే ఉన్నాయి. మంగళవారం మాత్రం మూడు, రెండు, ఒక్కోసారి సున్నా. మంగళవారం పాత బృందం వెళ్ళిపోయి కొత్త బృందం వచ్చే రోజు. జీపు చప్పుడుకి పిట్టలు బెదురుతున్నాయేమోనని మొదట అనుమానించారు. కానీ జీపు కదిలేది ఎనిమిదింటికి, పిట్టలు ఐదున్నర నుంచే మౌనం. ఆ కారణం కొట్టేశారు. కొట్టేశాక ఇక ఆగలేదు. 'పొదపిట్ట కూతలో ఏడురోజుల లయ' అని నలభై పేజీల అధ్యాయం రాశారు. ఎనిమిదేళ్ళ పనిలో ఆయన్ని నిద్రలో కూడా నవ్వించేది ఆ అధ్యాయమే.

బావ మంచివాడు. మంచివాడు కాబట్టే అన్నేళ్ళు ఊరుకున్నాడు.

"ఏమయ్యా బామ్మర్దీ, నీ పిట్టనేమీ అనను" అన్నాడు ఒకరోజు, గుమ్మంలో నిలబడి. "కానీ నూనె రాసి మర్దన చేసే గది లేకపోతే అదేం లాడ్జి అంటున్నారు జనం. నీళ్ళ గొట్టం నీ గదికే దగ్గర."

"అంటే ఎనిమిదేళ్ళ పరిశోధన మీద కూర్చుని జనం వీపులు రుద్దించుకుంటారన్నమాట."

"కూర్చుని కాదు, పడుకుని."

"బావా!"

"అరవకు. నేనొక మాట చెబుతాను. నీ లెక్క నిజమైన లెక్కేనని యూనివర్సిటీవాళ్ళ చేత రాయించు. అప్పుడు ఈ గది జన్మంతా నీది, బోర్డుకి కొత్త రంగు కూడా వేయిస్తాను. లేదా, నెలాఖరుకి ఖాళీ చెయ్యి. కొట్టులో మంచం వేయిస్తాను."

మాస్టారు ఉత్తరం రాశారు. రాయవలసి వచ్చిన మనిషిని తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు మండింది. ఆవిడ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. కప్పని కోస్తూ కళ్ళు తిరిగి మూడో బెంచీ కింద పడిపోయిన పిల్ల. ఇప్పుడు యూనివర్సిటీలో అదే శాఖకి పెద్ద. దేశంలో పక్షుల లెక్కలన్నీ ఆవిడ సంతకం పడితేనే అచ్చవుతాయి.

మంగళవారం సాయంత్రం జీపులో ప్రొఫెసరమ్మ దిగింది. జుట్టు సగం నెరిసింది. చేతిలో గొడుగు, భుజాన రెండు దుర్భిణీలు.

"బావున్నారా సార్?"

"చెవులు బావున్నాయి. తక్కినవాటితో నీకు పని లేదు."

ఆవిడ నవ్వింది. పాతికేళ్ళ కిందటి నవ్వే. మాస్టారి మీద ఇంకా భయం ఉందని ఆ నవ్వు చెప్పింది. ఆయనకి తృప్తిగా అనిపించింది, తృప్తిగా అనిపించినందుకు ఆవిడ మీద మరికాస్త చులకన కలిగింది.

బుధవారం తెల్లవారుజామున ఇద్దరూ మంచె ఎక్కారు. ఎవరి పుస్తకం వాళ్ళది. వాన సన్నగా పడుతోంది. ఐదూ యాభైకి దిగువ నుంచి మొదటి కూత వచ్చింది. ప్రొఫెసరమ్మ పెన్సిలు పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఏడింటికి చూసుకుంటే ఆయనవి పదకొండు చుక్కలు, ఆవిడవి తొమ్మిది.

"రెండు తప్పిపోయాను సార్" అంది ఆవిడ సిగ్గుపడుతూ. "ఇన్నేళ్ళలో నేను ఈ పిట్టని విన్నది రెండే రెండుసార్లు. ఒక్క పొద్దులో పదకొండు!"

"వినడం అందరికీ వచ్చేది కాదు."

కిందికి దిగుతూ ఆవిడ అడిగింది, "సార్, ఆ మంగళవారం అధ్యాయం చదివాను. పిట్టకి వారం ఎలా తెలుస్తుంది?"

"తెలియదు కనకే దాన్ని పరిశోధన అన్నారు. తెలిసిపోతే క్యాలెండరు అనేవారు."

"అది నిజమే. కానీ..."

"కానీ అని నువ్వు కప్ప దగ్గర కూడా అన్నావు."

ఆవిడ మళ్ళీ నవ్వింది.

గురువారం ఆయన చుక్కలు తొమ్మిది, ఆవిడవీ తొమ్మిదే. ఆ సంతోషంలో ఆవిడ జలగలు వదిలించుకుని స్నానం చేసి వస్తానని గదికి వెళ్ళింది. బావ ఎదురొచ్చి మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దావిడ హాల్లో తింటుంటే నువ్వు పళ్ళెం పట్టుకుని గదిలోకి పోతే ఏం బావుంటుంది? ఈ ఒక్కపూట మనుషుల్లో కూర్చో."

అలా, ఎనిమిదేళ్ళలో మొదటిసారి, మాస్టారు భోజనాల హాల్లో పొడుగు బల్ల దగ్గర కూర్చున్నారు. ఎదురుగా ఒక పళ్ళ డాక్టరమ్మ, ఆవిడ భర్త. రెండో రకం, అని మాస్టారు ఆవిడ ఇంకా విప్పని జలగ మేజోళ్ళు చూసి తేల్చేశారు. రొట్టె విరుచుకుని తల దించుకున్నారు.

"మీరేనా లెక్కల మాస్టారు? మా వాడికి..."

"కాదు."

"పోనీలెండి. మీ గైడు ఎంత బాగా పిలుస్తాడండీ! రెండు అరచేతులూ ఇలా దొప్పలా మూసి, బొటనవేళ్ళ సందులోంచి ఊదుతాడు. అచ్చం పొదపిట్టే!"

"అచ్చం పొదపిట్టేనని మీకెలా తెలుసు? విన్నారా దాన్ని?"

"అదే కదండీ నా ఏడుపు. పొద్దున్నే అడవిలోకి తీసుకెళ్ళి ఆరు చోట్ల ఆగి పిలిచాడు. ఒక్కటీ బదులు పలకలేదు."

"పిట్టలకి మనకన్నా బుద్ధి ఎక్కువ" అన్నాడు ఆవిడ భర్త, గుడ్డు మీద ముద్ద ఉప్పు చిదుపుతూ. "సెలవులో తెల్లవారుజామున లేచేవాడికి జవాబేమిటని ఊరుకున్నాయి."

"వచ్చేటప్పుడు కూడా పిలిచాడు కదండీ, ఇంకో మూడుసార్లు. చూస్తారా? తొమ్మిదిసార్లూ వీడియో తీశాను."

ఆవిడ ఫోను ఆయన ముక్కు దగ్గరికి తెచ్చింది. అందులో గైడు బుగ్గలు బూరెల్లా పొంగి ఉన్నాయి. రెండు స్వరాలు సమంగా, మూడోది రవ్వంత పైకి. వెంటనే ఎవరిదో కిసుక్కుమన్న నవ్వు. ఆవిడ ఒక్కో వీడియో జరుపుతుంటే ఫోను అడుగున దాని టైము కనిపించింది. మాస్టారు జేబులోంచి పుస్తకం తీసి, బల్ల కింద పెట్టుకుని చూశారు. ఆరు చుక్కలు దిగువ కాలిబాట మీద వరసగా పేర్చినట్టున్నాయి. తిరుగుదారిలో మూడు. టైములు నిమిషం తేడా లేకుండా అవే. పొద్దున ఆయన లెక్కపెట్టిన తొమ్మిది పిట్టలూ ఒక మనిషి.

నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ ఫోను దగ్గరికి లాక్కుంటూ, "మీక్కూడా నచ్చిందా?" అంది.

గైడు వంటింటి వెనక కొళాయి దగ్గర జలగ మేజోళ్ళు ఉతుకుతున్నాడు. జలగలు ఎక్కకుండా మోకాళ్ళ దాకా తొడుక్కునే ముతక గుడ్డ మేజోళ్ళు అవి. బృందం తిరిగి రాగానే ఉతికెయ్యకపోతే నెత్తురు మరకలు వదలవు.

"ఎప్పట్నుంచీ?" అన్నారు మాస్టారు.

"ఏదండీ?"

"ఈల."

గైడు చేతిలో మేజోడు పిండుతూ ఉండిపోయాడు. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. "అమ్మగారు చెప్పమన్నప్పుడు చెబుదామనుకున్నానండి."

"ఎప్పుడు చెప్పమంటానంది అక్క?"

"ఎప్పుడూ అనలేదండి."

"నాలుగో ఏడు పది రోజులు పిట్ట దాదాపు పలకలేదు. ఏమైంది?"

"అప్పుడు నాకు పచ్చకామెర్లండీ. మీరు చూడ్డానికి కూడా వచ్చారు." కాస్త ఆలోచించి, మర్యాదగా దిద్దుకున్నాడు. "రాలేదు లెండి. బొప్పాయి పండు పంపించారు."

ఆ పది రోజుల మీద మాస్టారు ఆరు పేజీలు రాశారు. 'పొదపిట్టల్లో అంటువ్యాధి సూచనలు' అని దాని పేరు.

అక్క కొట్టులో దుప్పట్లు మడతపెడుతోంది. తమ్ముడి మొహం చూడగానే సంగతి అర్థమైంది. దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది. అలవాటుకొద్దీ ఆయన పట్టుకున్నారు.

"ఎందుకు చేశావే?"

"రెండో ఏడు గుర్తుందా? గాలివానలకి ఇరవై రెండు రోజులు నీ పిట్ట పలకలేదు. నువ్వు తిండి మానేసి గోడకేసి తిరిగి పడుకున్నావు. గుమ్మంలో పళ్ళెం పెడితే చీమలు తినేవి. ఏం చెయ్యమంటావురా నన్ను? పిట్టని పట్టుకొచ్చి నీ కిటికీకి కట్టనా? నేనే అడవిలోకి పోయి కూద్దామనుకున్నాను, నాకు ఈల రాదు."

"అందుకని వీడి చేత..."

"రెండుసార్లు ఊదరా అబ్బాయ్ అన్నాను. రెండే. మర్నాడు నువ్వు లేచి గడ్డం గీసుకుని నాలుగు రొట్టెలు తిన్నావు. ఆ తర్వాత ఆపమని నేను ఏ నోటితో చెప్పను? వచ్చినవాళ్ళకి కూడా సరదా అయిపోయింది, అది లేకపోతే అడిగేవాళ్ళు. కొస సరిగ్గా పట్టుకో, జారుతోంది."

"ఎవరెవరికి తెలుసు?"

"ఎవరికి తెలియదని అడుగు. బావకి తెలుసు, వంటవాడికి తెలుసు. ఇక్కడికి వచ్చి పోయినవాళ్ళందరి కళ్ళ ముందూ జరిగేదే కదా. ఎవరో ఒకరు నీతో అనేస్తారని మొదట్లో నా గుండె దడదడలాడేది. తర్వాత ఆ భయం పోయింది. నువ్వు వాళ్ళ మొహం కూడా చూడవు."

"నా పనిని నవ్వులపాలు చేశావు."

"నీ పని నాకేం తెలుసురా? నువ్వు మంచం దిగావు. అది తెలుసు." ఆవిడ దుప్పటి లాక్కుని ఛాతీకి ఆనించి మడిచింది. "ఆ అమ్మాయికి చెప్పకు. రేపు సంతకం పెట్టి వెళ్ళిపోతుంది. గది నీకే ఉంటుంది. వాడు రేపు కూడా వెళతాడు."

మాస్టారు గదికి పోయి, తలుపు గుద్ది, మధ్యాహ్నమంతా పుస్తకాల ముందు కూర్చున్నారు. ఎవరినైనా తిట్టుకోవాలి. గైడుని తిట్టుకుందామంటే వాడు చెప్పింది చేశాడు. అక్కని తిట్టుకుందామంటే మడిచిన దుప్పటి అడ్డం వస్తోంది. ఎనిమిదేళ్ళుగా వంటవాడు జావ గిన్నె అందిస్తూ "ఇవాళ ఎన్నండీ?" అని అడిగేవాడు. వీడికి విజ్ఞానం మీద ఇంత ఆసక్తి ఏమిటా అని ఆయన నిరసనగా అంకె చెప్పేవారు. వాడు గైడు వైపు చూసి తలాడించేవాడు. ఆ తలాడింపు ఇప్పుడు కళ్ళకి కట్టింది. తాను వాళ్ళని చూసి ముక్కు విరిచిన ప్రతి పూటా వాళ్ళు తనని చంటిపిల్లాడిలా చూసుకున్నారు. తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకునేది ఇది. తనని మోసం చేసినవాళ్ళని ఆయన క్షమించగలరేమో. తనని చూసి జాలిపడ్డవాళ్ళని ఎలా క్షమించడం?

మూడో ఏటి పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీలో చెయ్యి ఆగింది. ఆగ్నేయం వైపు ఒక చుక్క, పక్కన ఆయన దస్తూరీలోనే, "మూడో స్వరం ముందు ఊపిరి తీసిన చప్పుడు?" అని ఉంది. ఆ మాటల్ని అడ్డంగా కొట్టేశారు. ఒకసారి కొట్టేస్తే చాలేదానికి నాలుగుసార్లు కొట్టేశారు. కాగితం చిరిగింది.

ఆయన ఆ చిరుగుని చాలాసేపు చూశారు. ఆ పొద్దు గుర్తులేదు. గుర్తులేకపోవడం నిజమేనా అని తనని తాను గుచ్చి అడిగితే, లోపల ఎవరో మొహం తిప్పుకున్నట్టనిపించింది. ఆ చెవి ఆ రోజు పని చేసింది. విన్నది. విన్నదాన్ని మింగేసింది ఆయనే. మింగి, మర్నాడు మళ్ళీ మంచె ఎక్కి, గర్వంగా కూర్చుంది ఆయనే. మనిషి తనకి కావలసిన అబద్ధాన్ని ఇంకొకరి చేత చెప్పించుకుంటాడని ఆయనకి తెలుసు. ఆ సంగతి జీపు దిగే జనానికి మాత్రమే వర్తిస్తుందనుకున్నారు.

శుక్రవారం తెల్లవారుజామున మళ్ళీ మంచె. ఇవాళ ఆయన వినడానికి వెళ్ళలేదు, చూడటానికి వెళ్ళారు. దిగువ నుంచి ఈల రాగానే ప్రొఫెసరమ్మ కళ్ళు మూసుకుంది, పెదాల మీద చిన్న వెలుగు, పెన్సిలుతో సుతారంగా చుక్క పెట్టింది. మరో ఈల, మరో చుక్క. ఆవిడ దిక్కు సరిగ్గా పట్టింది, దూరం సరిగ్గా కొలిచింది, టైము సెకన్లతో సహా వేసింది. ఒక్క పిట్టనీ వినలేదు. మాస్టారికి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది, పుస్తకం లాగేసి మడుగులో విసిరెయ్యాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. గది గుర్తొచ్చింది. ఉబ్బిన తలుపు, కిటికీ, గోడ మీద చెమ్మ గీసిన మరకలు, బల్ల. యాభై ఆరేళ్ళ వయసులో మనిషికి ఇంకేం కావాలి? నోరు మూసుకుంటే చాలు, అదంతా తనదే.

టిఫిన్ల వేళ ప్రొఫెసరమ్మ హాల్లో లేచి నిలబడింది. చేతిలో సంతకానికి సిద్ధమైన కాగితం. బావ మొహం చాటంత అయింది. అతను గది ఇవ్వడానికి కూడా సంతోషించే మనిషని మాస్టారికి అప్పుడు తెలిసింది. అది కూడా కొత్త బాధే.

"ఈయన మా గురువుగారు" అంది ఆవిడ అందరితో. "మూడు రోజులుగా ఈయన పక్కన కూర్చుని విన్నాను. నేను విన్నది ఈయన లెక్కతో సరిపోయింది. ఇలాంటి చెవి ఈ దేశంలో ఇంకొకటి లేదు."

జనం చప్పట్లు కొట్టారు. పళ్ళ డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎవరో "శభాష్ మాస్టారూ" అన్నారు. ఆ చప్పట్లు ఒంటి మీద పడుతుంటే మాస్టారికి ఏవగింపు పొంగింది. ఈవిడా నన్ను మెచ్చుకునేది? అరచేతుల గాలికీ పిట్టకీ తేడా తెలియని ఈవిడా నాకు యోగ్యతాపత్రం రాసేది? ఈవిడ సంతకం కింద బతకడం కన్నా మర్దన గదిలో నూనె గిన్నె పట్టుకుని నిలబడటం నయం. నిజం మీద ప్రేమ ఆయన నోరు తెరిపించలేదు. ఆ పొద్దున ఆయన నోరు తెరిపించింది పొగరు. ఇన్నేళ్ళలో పొగరు ఆయన చేత చేయించిన మంచి పని అదొక్కటే.

"అమ్మాయ్, కూర్చో" అన్నారు. "నువ్వు విన్నది వీణ్ణి."

కాఫీ గిన్నెలు పట్టుకుని వస్తున్న గైడు నడి హాల్లో ఆగిపోయాడు.

"ఏం సార్?"

"వీణ్ణి. ఆ గిన్నెలు కింద పెట్టవయ్యా. ఊదు."

గైడు అక్క వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో అక్క కళ్ళు మూసుకుంది. వాడు గిన్నెలు బల్ల మీద పెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని, అరచేతులు దొప్పలా మూశాడు. రెండు స్వరాలు సమంగా, మూడోది రవ్వంత పైకి. రేకు కప్పు కింద అది గట్టిగా మోగింది. డాక్టరమ్మ అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టి, భర్త మోచేత్తో పొడిస్తే ఆపేసింది.

ప్రొఫెసరమ్మ మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. "మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న. మూడో ఏడు కూడా ఒకసారి తెలిసింది. కొట్టేశాను."

"నన్ను ఇవాళ కూడా మంచె ఎక్కించి కూర్చోబెట్టారు! చుక్కలు పెడుతుంటే పక్కన చూస్తూ కూర్చున్నారు!"

"అవును. బాగా పెడతావు."

ఆవిడ ఆ మాటకి చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. కాగితం మడిచింది. మడుస్తూ మడుస్తూ మధ్యలో ఆగింది. గైడు వైపు తిరిగి, "మంగళవారం నువ్వు ఈల వెయ్యవా?" అని అడిగింది.

"మంగళవారం అడవిలోకి పోమండీ. వెళ్ళేవాళ్ళ సామాను జీపు మీద కట్టాలి కదండీ. నాలుగో ఏడు నాకు పచ్చకామెర్లొచ్చిన పది రోజులూ పోలేదండీ."

"అయితే మంగళవారాలు నిజం" అంది ఆవిడ నెమ్మదిగా. "సార్, మీ పుస్తకాలన్నీ తెప్పించండి."

బల్ల మీద పళ్ళేలు పక్కకి తోసి ఎనిమిది పుస్తకాలూ పరిచారు. జనం చుట్టూ మూగారు. మాస్టారికి వాళ్ళని తరిమే ఓపిక లేదు. మొదటి ఏటి మంగళవారాల్లో ఎనిమిదేసి, తొమ్మిదేసి చుక్కలు. మూడో ఏటికి నాలుగు. ఐదో ఏటికి రెండు. పోయిన ఏడు, ఏడాది మొత్తానికి మూడు. ఈ ఏడాది పేజీకి పేజీ గుండ్రాలే ఉన్నాయి, లోపల ఏమీ లేదు. పిట్ట అడవిలోంచి ఒక్కొక్కటిగా పోతుంటే, ఆయన దాని వారపు సెలవు గురించి నలభై పేజీలు రాసుకున్నారు. చీమలకి ఆదివారం సెలవని ఇంకెవడైనా రాసి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వి ఉండేవారు.

"పచ్చకామెర్ల పది రోజులు కూడా ఇవ్వండి" అంది ప్రొఫెసరమ్మ. గొంతులో కోపం తగ్గలేదు. "ఈ మంగళవారాలు అచ్చవుతాయి. మీ పేరు మీదే. మిగతాది నేను ముట్టుకోను. గదికి కూడా ఏమీ రాయలేను సార్."

"రాయమని నిన్నెవరడిగారు?"

"మీరే. ఉత్తరం రాసి."

డాక్టరమ్మ కాఫీ గిన్నె ఆయన ముందుకి జరిపింది. ఆయన తాగారు.

నెలాఖరు దాకా కూడా ఆగలేదు. ఆదివారమే బావా గైడూ కలిసి మంచాన్ని కొట్టులోకి మార్చారు. బావ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బావుండుననిపించింది మాస్టారికి. పరిశోధన గది బోర్డు దించి, వెనక్కి తిప్పి, దాని మీదే మర్దన గది అని రాశారు. అక్క దుప్పట్ల పక్కన చోటు చేసి ఆయన పుస్తకాలు సర్దింది. "చెమ్మ తక్కువ ఇక్కడ" అంది. అది నిజమే.

ఈలలు ఆపమని ఎవరూ అనలేదు. ఆపితే జనం ఊరుకోరని బావ అన్నాడు. మాస్టారికి వెనక నుంచి వాళ్ళని నాలుగు తిట్టాలనిపించింది కానీ, రెండో రకం ఆడమనిషి జరిపిన కాఫీ గిన్నె మధ్యలో వచ్చి, ఆ తిట్టు మునుపటిలా నోరారా రాలేదు.

బుధవారం ఐదున్నరకి ఆయన మంచె ఎక్కారు. ఎందుకు ఎక్కారో తనకే సరిగ్గా తెలియదు. మునగదీసుకుని కూర్చుని, పుస్తకం తెరిచి, గుండ్రం గీశారు. వాన లేదు. ఆకుల మీద రాత్రి నీళ్ళు జారుతున్నాయి. దిగువ కాలిబాట మీద కొత్త బృందం మాటలు, ఎవరో జలగ అని కెవ్వుమన్నారు, అంతా నవ్వారు. తర్వాత గైడు అరచేతుల్లోంచి ఆ మూడు స్వరాలూ లేచాయి. మూడోదాని ముందు ఊపిరి తీసుకోవడం ఇప్పుడు ఎంత స్పష్టంగా వినిపించిందో! అది వినపడని చెవి ఉంటుందా?

ఆయన చెయ్యి పెన్సిలు వైపు పోయింది. కాసేపు గాల్లో ఆగింది. తర్వాత గుండ్రంలో ఆగ్నేయం వైపు చుక్క పెట్టి, పక్కన టైము వేసి, దాని పక్కన రాశారు: "మనిషి. ఒకడు."

ఏడింటి దాకా కూర్చున్నారు. ఇంకెవరూ పలకలేదు.